వినే చెయ్యి

ఆయన నడుముకి కట్టిన వెడల్పాటి బెల్టుని ఎడమచేత్తో పట్టుకుని, కుడి అరచెయ్యి వీపుకి ఆనించి, ఆమె ఆయన పక్కనే అడుగులో అడుగు వేస్తోంది. ఆయన ఆగితే ఆగుతోంది, కదిలితే కదులుతోంది. ఫిజియోథెరపీ హాలు ఈ చివరనుంచి ఆ కిటికీ దాకా, కిటికీ దగ్గర మెల్లగా మలుపు, మళ్లీ వెనక్కి. నేలంతా నీలంరంగు రబ్బరు, ఒక పక్క గోడంతా అద్దం, మధ్యలో నడుమెత్తున రెండు స్టీలు కమ్మీలు, మూలన గాలి నింపిన పెద్ద బంతులు, ఎవరో ఇప్పుడే తుడిచి వెళ్లిన ఫినాయిల్ వాసన. అవతల థెరపిస్టు అమ్మాయి మోకాలి ఆపరేషనయిన ఒక పెద్దమనిషి చేత కాలు ముడిపించి చాపిస్తూ, ఇంకొక్కటి అంకుల్, ఇంకొక్కటే, అని బుజ్జగిస్తోంది. ఆ ఒక్కటి ఎప్పటికీ అయిపోదు. పక్షవాతం వచ్చి మూడు నెలలైన మనిషి, ఆరడుగుల మనిషి, తెలిసినవాళ్లంతా మాస్టారని పిలిచే మనిషి, తన భర్త, ఎడమకాలు ఈడుస్తూ నడుస్తున్నాడు, నడిపించాల్సింది తను, అంతవరకే ఆలోచించాలని ఆమె అనుకుంటోంది. కాని అరచెయ్యి ఊరుకోదే. చొక్కా కింద వెన్ను, వెన్ను కింద నడుము, నడుము కింద తుంటి, ఆ తుంటినుంచి బరువు ఏ కాల్లోకి దిగుతోంది, ఎంత దిగింది, ఎక్కడ ఆగింది, అన్నీ అరచేతికి వచ్చేస్తున్నాయి, అడక్కుండానే. వినకూడదు. మొగుడి వీపు మీద చెయ్యేసిన పెళ్లాం వినాల్సింది ఇదా. ఎడమకాలు ఈడుస్తున్నాడు, నిజమే, కాని ఆ ఈడుస్తున్న కాలి మీద బరువుంది. పట్టు తప్పిన కాలు దానంతట అది ఈడ్చుకుపోతుంది. బరువు మోస్తున్న కాల్ని ఈడవాలంటే పనిగట్టుకుని ఈడవాలి. ఛీ, ఏం బుద్ధి ఇది, చావు తప్పి కన్ను లొట్టపోయిన మనిషిని పట్టుకుని ఇలా అనుకోవడానికి నోరెలా వచ్చింది, అనుకుంది. నోరు రాలేదు, చెయ్యి వచ్చింది, చేతిని తిట్టి ఏం లాభం.

ఈ చెయ్యి ఆయన ఇచ్చింది కాదు. ఆ మాట ఆమె ఎక్కడా పైకి అనలేదు, అనడానికి సందర్భం రానివ్వలేదు ఎవరూ. అమ్మమ్మకి చూపు పోయేనాటికి తనకి తొమ్మిదో పదో. ఇంట్లో అందరికీ పనులు, పని లేనిది తనొక్కతే, కాబట్టి అమ్మమ్మ తన వంతుకి వచ్చింది. భుజం మీద అమ్మమ్మ చెయ్యి, ఎండిపోయిన తేలిక చెయ్యి, ఆ చేతిని మోసుకుంటూ సందులో, మార్కెట్లో, ఆసుపత్రి మెట్ల మీద. మొదట్లో నోటితో చెప్పేది, అమ్మమ్మా మెట్టుంది, అమ్మమ్మా గుంటుంది, అని. ఆవిడకి విసుగు, ఊరందరికీ నా గుడ్డితనం చాటుతావేమే, అనేది. అందుకని చెప్పడం మానేసి భుజంతో చూడటం మొదలుపెట్టింది. ఆ చెయ్యి కొంచెం బరువెక్కితే కుడికాలు తూలబోతోందని, ఉన్నట్టుండి తేలికైతే భయపడిందని, వేళ్లు బిగుసుకుంటే ఎవరిదో గొంతు వినిపించి ఆగాలనుకుంటోందని. ఆవిడ తూలడానికి ముందే తను ఆ పక్కకి జరిగి ఉండేది, తూలినట్టు ఆవిడకి కూడా తెలిసేది కాదు. అమ్మమ్మ పోయాక చాలా రోజులు ఆ భుజం చల్లగా ఉండేది, ఉత్తినే. బొత్తాలు కుట్టే షాపులో పనికి చేరాక, వంగి వంగి మెడలు పట్టేసి, పక్క మిషను పిల్ల లాక్కెళ్తే వెళ్లింది ఆయన క్లాసుకి. పాత గోడౌను మేడమీద, కిటికీలకి అద్దాలు లేని గది. గుద్దులు లేవు, తన్నులు లేవు, కరాటే అనుకుని వచ్చిన కుర్రాళ్లు రెండోరోజే మానేసేవాళ్లు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడాలి, మణికట్టుకి మణికట్టు ఆనించాలి, మెల్లగా తిప్పుతూ ఉండాలి, అంతే. ఎదుటివాడి బరువు ఎటుందో వాడికంటే ముందు నీకు తెలియాలి, చేత్తో వినాలి, తెలిశాక నువ్వు తొయ్యక్కర్లేదు, వాడే పడతాడు, అనేవాడు ఆయన. ఒక్కొక్కళ్ల చెయ్యీ తాకి చూస్తూ వచ్చి ఆమె దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు తిప్పాడు. ఆయన బరువు కుడినుంచి ఎడమకి మారితే ఆమె అక్కడ ఉండేది కాదు, ముందుకి వస్తే చోటిచ్చేది. ఎక్కడ నేర్చుకున్నావు, అనడిగాడు. మా అమ్మమ్మ దగ్గరండీ, అంది. గదంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. నవ్వలేదనే పెళ్లి చేసుకుంది, ఇప్పుడు చూసుకుంటే అంతకుమించి కారణమేదీ దొరకదు.

ఆంటీ, బెల్టు మరీ బిగించకండి, ఆయన్ని ఆయన మొయ్యనివ్వండి, అని థెరపిస్టు అమ్మాయి అక్కణ్నుంచే చెప్పింది. సరేనమ్మా, అని ఆమె వేళ్లు వదులు చేసింది. వేళ్లు వదులు కాగానే ఆయన వీపు గట్టిపడింది. భయపడ్డ వీపు అలా గట్టిపడదు. భయం మెడలో మొదలై కిందికి దిగుతుంది. ఇది కిందనుంచి పైకి వచ్చింది, కాళ్లు నిలదొక్కుకుని, పునాది వేసుకుని. చేతిసంచీలో ఫోను గుర్రుమంది. ఆయన తల కొంచెం తిరిగింది, ఫోను వైపు. ఎవరు, అనడిగాడు, మాట ఇంకా కొంచెం ముద్దగానే వస్తోంది. లైబ్రరీ ఆవిడయ్యుంటుంది, వస్తానో రానో మధ్యాహ్నంలోగా చెప్పమంది కదా, అంది ఆమె. ఆయన ఎడమకాలు ఇందాకటికన్నా ఎక్కువ ఈడ్చాడు.

మొదటి రోజుల్లో ఆయన నిజంగానే పడగొట్టేవాడు. అబద్ధమాడకూడదు, ఆ రోజుల్లో ఆ చెయ్యి చెయ్యే. రెండు వేళ్లు ఆనిస్తే తన పాదాలు నేలని మరచిపోయేవి, వీపు గోడకి తగిలేదాకా ఏం జరిగిందో తెలిసేది కాదు, తెలిశాక నవ్వొచ్చేది, పిల్లల్ని ఎగరేసి పట్టుకుంటే నవ్వినట్టు. ఇంట్లో కూడా అదే ఆట, వంటింటి గుమ్మంలో, బాల్కనీలో, కూతురు పుట్టాక ఉయ్యాల పక్కన. తనకి దొరక్కుండా ఆయన, ఆయనకి దొరక్కుండా తను, కొన్నిసార్లు ఆయనే తూలేవాడు, తూలి, ఆశ్చర్యంగా చూసేవాడు. ఆ చూపులో కొంచెం కొంచెంగా ఏదో మారింది, ఎప్పుడంటే చెప్పడం కష్టం. శిష్యులు పెరిగారు, గోడౌను పోయి నున్నటి నేల ఉన్న హాలు వచ్చింది, గోడకి ఆయన నిలువెత్తు ఫొటో వచ్చింది. ఎవరో ఒక పత్రికాయన వచ్చి, మీ ఆవిడ కూడా నిపుణురాలంటగా, అని అడిగితే, ఆవిడకేముందండీ, నాతో ఉండి ఉండి అబ్బింది, వంటింట్లో ఉప్పుడబ్బాకి కూడా వంట వాసన వస్తుంది కదా, అన్నాడు. అందరితోపాటు తనూ నవ్వింది. ఆ రాత్రంతా గిన్నెలు తోముతూ ఉప్పుడబ్బా, ఉప్పుడబ్బా అనుకుంది. తర్వాతర్వాత అది ఆయనకి ఇష్టమైన జోకయింది, కొత్త బ్యాచి వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. తను నవ్వాల్సిన చోట నవ్వేది.

ఇక ఆ ప్రదర్శన. పెద్ద ఆడిటోరియం, ముందు వరసలో ఎవరెవరో, స్టేజీ మీద లైట్ల వేడి. ఆయన మణికట్టు తన మణికట్టు మీద. తన బరువంతా వెనక్కాలి మీద ఉంది, ఎంత తేటగా ఉందంటే కొత్తగా చేరినవాడికి కూడా తెలిసేంత. ఆయన ముందుకాలి మీద ఉందనుకుని తోశాడు. ఏమీ కాలేదు. మళ్లీ తోశాడు, ఈసారి బలంగా, భుజంతో, అది ఆ విద్యే కాదు. అప్పుడు ఆయన కళ్లు చూసింది. సంతలో అమ్మ చెయ్యి జారవిడుచుకున్న పిల్లాడి కళ్లు, ఒక్క రెప్పపాటు. చెయ్యి మొద్దుబారిపోయిందని అప్పుడర్థమైంది ఆమెకి. ఎన్నేళ్లుగా పొగడ్తలు తప్ప ఇంకేమీ వినని చెయ్యి, ఇంకేం వింటుంది. జాలేసింది. జాలి అంటే ఇంత తొందరగా పనిచేసే వస్తువని అప్పటిదాకా తెలియదు. పడింది. నాలుగడుగులు వెనక్కి తూలి, పాదాలు నేలని మరచిపోయినట్టు నటించి, వెనకున్న పరుపుకి దభీమని తగిలి పడింది. చప్పట్లు. ఇంటికెళ్లాక ఆయన కడుపునిండా తిన్నాడు, చాలాసేపు మాట్లాడాడు, ఆ తోపు గురించే, ఎక్కడ దొరికావో చూశావా, అన్నాడు. చూశానండీ, అంది. ఒక్కసారికే అనుకుంది. ఒక్కసారి పడ్డాక రెండోసారి పడకపోతే మొదటిది అబద్ధమని తేలిపోతుంది, ఆ లెక్క అప్పుడు తట్టలేదు. తర్వాత పదిహేనేళ్లు పడింది. భుజం బెణికింది, తుంటి కమిలింది, చలికాలం ఒక పక్కకి తిరిగి పడుకోలేదు ఇప్పటికీ. దొంగతనంగా పడటం ఎంత కష్టమో ఎవరికీ తెలియదు. నిజంగా పడేవాడికి పాదాలు చివరిదాకా ఒప్పుకోవు, వేళ్లు నేలని పట్టుకు వేలాడతాయి, ఊపిరి పడ్డాక గాని ఆగదు, బరువు విడతలు విడతలుగా, గతుకులుగా జారుతుంది. కావాలని పడేవాడు ముందే ఊపిరి పట్టి పెట్టుకుంటాడు, బరువంతా మూటగట్టి ఒక్కసారి ఇచ్చేస్తాడు. ఆ తేడా చూసేవాళ్లకి తెలియకుండా ఉండటానికి తను ఎంత సాధన చేసిందో, ఆ సాధన నిజం విద్య మీద పెట్టి ఉంటే ఎక్కడుండేదో. వద్దు, ఆ దారిలో పోతే మనసు చేదెక్కిపోతుంది, ఎక్కింది చాలదా.

తనని చూసి మిగతావాళ్లూ పడటం నేర్చుకున్నారు. ఎవరూ నేర్పలేదు, పడ్డవాణ్ని ఆయన మెచ్చుకునేవాడు, పడనివాడికి ఆ పూట తలవంపులు, అంతే కావలసింది. ఒక్కడు మాత్రం పడలేదు. వెల్డింగు పని చేసేవాడు, అందరూ బండ అని పిలిచేవాళ్లు, మనిషి కూడా అలాగే ఉండేవాడు, మాట తక్కువ. చొక్కా నిండా నిప్పురవ్వల చిల్లులు. ఆయన తోశాడు, వాడు నిలబడ్డాడు. మళ్లీ తోశాడు, వాడు నిలబడి, క్షమాపణ అడుగుతున్నట్టు, నాకేం తెలియట్లేదండి మాస్టారూ, అన్నాడు. నీది మొద్దు ఒళ్లు, విద్య ఎక్కే ఒళ్లు కాదు, నీ డబ్బులూ నా కాలమూ వృథా, రేపటినుంచి రాకు, అన్నాడు ఆయన. వాడు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఆమె వైపు చూశాడు. అక్కా, మీరెలా పడతారు, అని అడుగుతున్నట్టే ఉంది ఆ చూపు. ఆమె గోడకి వేలాడుతున్న తువ్వాళ్లు సర్దింది. వాడికి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది, నీ ఒళ్లు మంచి ఒళ్లు తమ్ముడూ, అని. ఏం పోయేది. ఏం పోయేదో అప్పుడు బాగా తెలుసు కాబట్టే చెప్పలేదు.

కిటికీ దగ్గర మలుపు. ఈ మలుపు దగ్గరే ఆయన ప్రతిసారీ కొంచెం ఆగుతాడు, ఆమె చెయ్యి కోసం ఒళ్లు వెనక్కి వాలుస్తాడు. కింద వీధిలో ఎవరో సైకిలు మీద పెద్ద అద్దం పలక కట్టుకుని నడిపించుకుపోతున్నాడు. లైబ్రరీ ఆవిడ మొదట ఆయన దగ్గరికే వచ్చింది, మర్యాదగా. మేడమీద హాలు ఖాళీగా ఉంది మాస్టారూ, మా దగ్గరికి పేపర్లు చదువుకోడానికి వచ్చే ముసలివాళ్లు అస్తమానం ఎక్కడో ఒకచోట పడుతుంటారు, ఎముకలు విరగ్గొట్టుకుంటారు, పడకుండా ఉండటం నేర్పిస్తారా, అని. ఆయన నవ్వాడు. పడగొట్టడం నేర్పేవాణ్నమ్మా నేను, పట్టుకోడానికి ఆయాని పెట్టుకోండి, అన్నాడు. ఆవిణ్ని గేటు దాకా సాగనంపడానికి వెళ్లి, నేను వస్తాను, అంది ఆమె. అనేసింది. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. ఇంట్లో చెప్పింది కూడా, దాచలేదు. ఆయా ఉద్యోగమా, అన్నాడు ఆయన. మొదటి క్లాసు రేపనగా పొద్దున్నే బాత్రూం గుమ్మంలో ఆయన మూతి వంకర పోయింది. అది నిజం. ఆ పడటం నిజం, దానికి తన చేతులే సాక్ష్యం, ఆ గతుకులు, ఆ పాదాల పెనుగులాట, ఆ ఊపిరి, అవన్నీ ఇప్పటికీ అరచేతుల్లో ఉన్నాయి. ఆసుపత్రి, సెలైన్లు, కూతురు పరుగెత్తుకు రావడం, గొట్టాలు, ఆ నెలంతా తను ఏ దేవుడికి ఏం మొక్కుకుందో కూడా గుర్తు లేదు. కాలు కొంచెం కొంచెంగా వచ్చింది, డాక్టర్లు ఆశ్చర్యపోయేంత తొందరగా వచ్చింది. తర్వాత రావడం ఆగిపోయింది. లైబ్రరీ ఆవిడ మళ్లీ ఫోను చేసిన వారం ఆగిపోయింది.

ఆయన మొదటిసారి దొంగగా పడ్డది పోయిన వారం, అదే బాత్రూం గుమ్మంలో. పట్టుకుంది. పట్టుకున్న చేతులకి ఏదో తేడాగా తోచింది, మంచినీళ్లనుకుని తాగితే ఉప్పునీళ్లయినట్టు. ఊపిరి ముందే పట్టి ఉంది. బరువు ఒక్కసారిగా, మూటగా వచ్చింది. మర్నాడు ఆమె లైబ్రరీ దాకా వెళ్లొద్దామని బట్టలు మార్చుకుని బయటికి వస్తే వరండాలో మళ్లీ. ఈసారి కూతురు కూడా ఉంది, అమ్మా నువ్వు లేనప్పుడు ఇలా అయితే ఎలాగమ్మా, అంది. నాన్న కావాలని పడుతున్నారే, అని నోటిదాకా వచ్చింది. ఏమని రుజువు చూపిస్తుంది, నా చెయ్యి చెప్పింది అంటుందా. స్కానింగులు చూసిన డాక్టరు ఓ పక్క, ఉప్పుడబ్బా ఓ పక్క. ఒకసారి చూచాయగా అంటే కూతురు ముఖం అదోలా పెట్టింది. అలిసిపోయావమ్మా నువ్వు, అంది, ఎంతో ప్రేమగా. ఆ ప్రేమకి ఎదురు చెప్పే మాట ఎవరి దగ్గరా ఉండదు. తనకి కూడా అనుమానమే, జబ్బు మనిషి మీద కక్ష తీర్చుకుంటోందేమో ఈ చెయ్యి, పడీ పడీ మొద్దుబారింది తన చెయ్యేనేమో. అందుకే ఈ గంట ఆమెకి పరీక్ష. ఈ గంటలో వినకూడదనుకుంటూనే వింటోంది, వింటూనే, అబద్ధం కావాలి, నేనే చెడ్డదాన్ని కావాలి, అని కోరుకుంటోంది. చెడ్డదాన్నని తేలితే క్షమించమని అడిగి, లైబ్రరీ ఆవిడకి రానని చెప్పేసి, మిగిలిన బతుకంతా ఈ బెల్టు పట్టుకుని నడుస్తుంది, అంతే కదా.

కమ్మీల పక్కకి వచ్చారు. ఫోను మళ్లీ గుర్రుమంది. ఆయన ఊపిరి పట్టాడు.

అరచేతి కింద పక్కటెముకలు విచ్చుకుని ఆగిపోయాయి. బరువు రెండు కాళ్లనుంచీ పైకి, నడుములోకి, మూట కట్టుకుంటూ లేచింది. ఇంకా పడలేదు. పడటానికి ముందుండే ఆ చిన్న ఖాళీ, పదిహేనేళ్లు తను కాపురమున్న ఖాళీ, అందులో తనకి తెలియని మూల లేదు. కింద రబ్బరు మెత్తగానే ఉంది. కమ్మీ ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉంది. అవి రెండూ చూసుకుంది, చూసుకున్నందుకు తన మీద తనకే కోపమొచ్చింది. ఆయన వాలాడు. ఆమె రెండు చేతులూ తీసేసింది.

ఈడుస్తూ వచ్చిన ఎడమకాలు చటుక్కున వెనక్కి జరిగి, పాదం తిరిగి, మడమ నేలకి ఆని, మోకాలు కొంచెం వంగి, ఆ పడబోతున్న బరువంతటినీ లాఘవంగా అందుకుంది. పాత గోడౌనులో ఒకప్పుడు ఆయన నిలబడినట్టే నిలబడ్డాడు. కమ్మీ ముట్టుకోలేదు. అద్దంలో ఇద్దరూ కనపడుతున్నారు, బెల్టు చివర వేలాడుతోంది.

"చెయ్యి తీసేశావేం?" అన్నాడు.

"మీరు పడరుగా."

"ఎవరు చెప్పారు?"

"పడేవాళ్లు ముందు ఊపిరి పట్టరండీ. పదిహేనేళ్లు పట్టి పట్టి పడ్డాను. ఆ మాత్రం నాకు తెలీదా?"

ఇన్నేళ్లు దాచింది ఇక్కడ, ఈ ఫినాయిల్ వాసనలో, జబ్బు మనిషి మొహం మీద విసిరేసింది, మళ్లీ ఆ కళ్లు చూడాలి కాబోలు, ఆ తప్పిపోయిన పిల్లాడి కళ్లు, చూడలేను బాబోయ్, అనుకుని తల దించుకుంది.

"అది నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"నువ్వే పడుతున్నావని. ఆ స్టేజీ మీదే తెలుసు." ముద్దగా ఉన్న మాటని పట్టి పట్టి అన్నాడు. "నువ్వు వద్దనలేదుగా."

ఆమె తలెత్తి చూసింది. పిల్లాడు లేడు అక్కడ. మామూలు కళ్లు, కొంచెం విసుగు, కొంచెం చిరాకు, కూరలో ఉప్పెక్కువైనప్పుడు చూసే చూపు. ఎక్కడ దొరికావో చూశావా, అని కడుపునిండా తిని మాట్లాడిన రాత్రి ఈయనకి తెలుసు. ఉప్పుడబ్బా అన్న రోజు తెలుసు. తన భుజానికి కాపడం పెడుతూ, నీకు పడటం కూడా సరిగ్గా రాదు, అన్నప్పుడు తెలుసు.

"మరి బండని ఎందుకు పంపేశారు?" అంది, ఎందుకు ఇన్నింట్లో అదే నోటికొచ్చిందో తెలియదు.

"వాడు పడలేదు కదా," అన్నాడు ఆయన, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

మాస్టారూ, అన్న కేక వినిపించింది. థెరపిస్టు అమ్మాయి అక్కడ కాలు వదిలేసి, పెద్దమనిషిని బల్ల మీద అలాగే ఉంచేసి పరుగున వచ్చింది. ఎవరూ పట్టుకోలేదు, కమ్మీ కూడా పట్టుకోలేదు, ఆంటీ చూశారా మీరు, ఆయన ఒక్కరే నిలబడ్డారు. పక్క గదిలోంచి ఇంకో ఇద్దరు వచ్చారు, బల్ల మీదున్న పెద్దమనిషి మోచేతి మీద లేచి చూశాడు, తలుపు దగ్గర ఎదురుచూస్తున్నవాళ్లు కూడా తొంగిచూశారు. నాలుగడుగులు వెయ్యండి మాస్టారూ, మేమున్నాం, అంది ఆ అమ్మాయి. ఆయన వేశాడు. కాలు ఈడవలేదు, అలాగని మరీ చక్కగానూ వెయ్యలేదు, చూసేవాళ్లకి ఎంత కావాలో అంత తడబాటు ఉంచి వేశాడు. చప్పట్లు కొట్టారు. ఎన్నేళ్ల సాధనండీ, ఆ ఒళ్లే వేరు, అన్నాడు ఒకాయన. మనోబలం, అన్నారెవరో. మీరు అదృష్టవంతులు ఆంటీ, అంది థెరపిస్టు అమ్మాయి, ఆ పిల్ల కళ్లల్లో నిజంగా నీళ్లున్నాయి. అవునమ్మా, అంది ఆమె. ఆయన అలవాటుగా తల కొంచెం వంచి ఆ చప్పట్లు అందుకున్నాడు. తను ఒక పక్కగా, చేతిసంచీ పట్టుకుని, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి ఉంది.

కిటికీ దాకా వెళ్లి ఆయన మలుపు దగ్గర ఆగాడు. తిరిగి, అందరి ముందూ, ఆమె వైపు ఎడమచెయ్యి చాపాడు. స్పర్శ సగమే తిరిగొచ్చిందని డాక్టరు చెప్పిన చెయ్యి. అందుకోండి ఆంటీ, అంది ఆ అమ్మాయి. వెళ్లకూడదనుకుంది. ఆ అనుకోవడం పూర్తయ్యేలోపే కాళ్లు వెళ్లాయి, మణికట్టు వెళ్లి ఆయన మణికట్టుకి ఆనింది. బరువు పడుతుందని కాచుకుంది. బరువు పడలేదు. ఈక వాలినట్టు ఆనింది ఆ చెయ్యి, ఆని, మెల్లగా, చాలా మెల్లగా, కదలడం మొదలుపెట్టింది. కొంచెం ముందుకి. ఆగింది. కొంచెం పక్కకి. ఆమె మోచెయ్యి దాటి, భుజం దాటి, వెన్నులోంచి కిందికి, ఆమె ఏ కాలి మీద ఉంది, వెళ్లబోతోందా, ఉండబోతోందా, ఎటు పట్టుకుంటే ఆగుతుంది, అని వెతుకుతోంది. ఎంత శ్రద్ధగా, ఎంత తేలిగ్గా, ఎక్కడా తడబడకుండా. పాత గోడౌనులో మొదటిరోజు ఆగిపోయిన చెయ్యే ఇది. మొద్దుబారలేదు. ఎన్నడూ మొద్దుబారలేదు. వినగలిగే చెయ్యే, వినాల్సిన అవసరం రాలేదు, అంతే. తను ఎలాగూ పడుతోంది కదా, కష్టపడి వినడం దేనికి. జాలిపడి పడ్డానని ఇన్నేళ్లూ తన బతుకులో ఒక్క మంచి పనిగా దాచుకుంది. ఆ జాలి ఎవరికి వేసినట్టు.

కోపం వస్తుందనుకుంది, రాలేదు. నోరంతా చేదుగా ఉంది, మింగినా పోని చేదు. ఆయన వేలికొసలు ఆమె ముంజేతి మీద ఒక్కచోట ఆగాయి, దొరికిందనుకున్నాయి. ఆమె ఆ చోటులో లేదు. చెయ్యి అలాగే ఉంచి, దాన్లోంచి తను తప్పుకుంది, గట్టిపడలేదు, లాక్కోలేదు, ఆ వేళ్లు ముందుకొచ్చినకొద్దీ చోటిస్తూ పోయింది. ఆయన ఇంకొంచెం ముందుకి వచ్చాడు, ఇంకొంచెం, మడమ లేచింది. రెండు వేళ్లు చాలు ఇప్పుడు. రెండు కూడా అక్కర్లేదు. చుట్టూ అందరూ చిరునవ్వుతో చూస్తున్నారు. ఆయనకి తెలిసింది, కళ్లల్లో తెలిసింది, ఊపిరి పట్టలేదు ఈసారి. ఆమె ఆయన చేతిని మెల్లగా తీసుకెళ్లి కిటికీ చువ్వ మీద పెట్టింది.

"పట్టుకోండి," అంది.

తర్వాత బెల్టు విప్పి మడతపెట్టి థెరపిస్టు అమ్మాయి చేతికిచ్చి, మా అమ్మాయి వచ్చి తీసుకెళ్తుంది, అప్పటిదాకా కుర్చీలో కూర్చోబెట్టమ్మా, అని చెప్పింది. ఎక్కడికి, అని ఆయన అడిగినట్టే ఉంది, చప్పట్లు కొట్టినవాళ్లు ఆయన చుట్టూ చేరి ఏదో అడుగుతున్నారు, సరిగ్గా వినపడలేదు. మెట్ల దాకా బాగానే నడిచింది. సగం దిగాక మెట్టు మీదే కూలబడింది. ఎవరో ఆయా బకెట్టు పట్టుకుని పక్కనుంచి దిగిపోతూ, ఏమైందమ్మా, అనడిగి, ఏం లేదంటే వెళ్లిపోయింది. కూతురికి ఫోను చేసింది, పదకొండింటికల్లా వచ్చి నాన్నని తీసుకెళ్లు, నాకు పనుంది, అంది. ఏం పనమ్మా, అంది అవతలనుంచి. వచ్చాక చెప్తాను, అంది. తర్వాత లైబ్రరీ ఆవిడకి చేసింది. ఇందాకట్నుంచి మీకోసమే చేస్తున్నానండీ, పాపం మాస్టారికి ఎలా ఉంది, మీరు రాగలరా అసలు, అని అడిగింది ఆవిడ.

"వస్తానండీ. ఆయనకేం," అంది ఆమె. "నిలబడ్డారు. ఎప్పట్నుంచో నిలబడే ఉన్నారు."

అయ్యో ఎంత మంచి మాట చెప్పారు, అని ఆవిడ సంబరపడింది. ఆమె సరిదిద్దలేదు. ఫోను సంచీలో వేసుకుని, గోడకి చెయ్యి ఆనించి లేచి, కాళ్లు ఇంకా సరిగ్గా కుదురుకోకపోయినా, దిగడం మొదలుపెట్టింది.